వాడిపోయే వరుసలో వారపు వంట

ఇంటి వంటను ముందుగా అనుకుని పెట్టుకోవడం మూడు లెక్కల మీద నడుస్తుంది. ఇంట్లో ఏముంది, అందులో ఏది ముందు పాడవుతుంది, ఏ రోజు వండేవాళ్లకు ఎంత తీరిక ఉంటుంది. ఈ మూడూ తెలిస్తే ఆ పూట ఏం వండాలో చాలావరకు దానంతట అదే తేలిపోతుంది. వీటిలో ఒక్కటి తెలియకపోయినా, ఎంత అందంగా రాసుకున్న పట్టికైనా బుధవారానికల్లా తప్పుతుంది. ఆదివారం కొన్న గోంగూరకు గురువారం వంతు వేస్తే, ఆ రోజుకు కట్టలో కాడలే మిగులుతాయి.

తెలుగిళ్లకు ఈ ముందుచూపు కొత్తది కాదు. ఏడాదికి సరిపడా చేసుకునేవి, నెలకు తెచ్చుకునేవి, వారానికి కొనేవి, రాత్రే నానబోసేవి అని వంటింటి పనులు ఎప్పుడో వేరుపడి ఉన్నాయి. ఇంట్లో ఫ్రిజ్ వచ్చి, ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే రోజులు వచ్చాక వీటిలో బాగా మారింది వారం లెక్క. ఇదివరకు పట్నాల్లో పొద్దున్నే వీధిలోకి వచ్చిన కూరగాయల బండి ఆ పూట కూర ఏమిటో చెప్పేది. ఇప్పుడు చాలా ఇళ్లలో వారానికి ఒకటి రెండుసార్లే కొంటున్నారు. కొనే రోజుకు, వండే రోజుకు మధ్య ఎడం పెరిగింది. ఆ ఎడంలోనే డబ్బూ పోతోంది, కూరగాయలూ పోతున్నాయి.

జాడీలు, కొలపాత్రలు

ఏడాది ఏర్పాట్లలో ఎక్కువ భాగం వేసవి ముందూ వెనకా జరుగుతాయి. శీతాకాలం వెళ్తూనే కొత్త కందిపప్పు, ఆ తర్వాత కొత్త చింతపండు వస్తాయి. చింతపండుకు గింజ, పీచు తీసి, కాస్త ఉప్పు కలిపి జాడీకెత్తితే పులుసుకూ చారుకూ ఏడాది పొడవునా లోటుండదు. మిరపకాయలు ఎండబెట్టి కారం పట్టిస్తారు. ఏప్రిల్, మే నెలల్లో ఆవకాయ, మాగాయ, మేడ మీద పాత చీరలు పరిచి వడియాలు, ఊరమిరపకాయలు, మామిడి ఒరుగులు.

ఇవన్నీ నిలవ ఉండటానికి మూలం ఒకటే. బూజుకూ బాక్టీరియాకూ కావలసిన నీరు అందకుండా చేయడం. ఎండ నీటిని ఆవిరి చేస్తుంది. ఉప్పు ముక్కలోని నీటిని బయటికి లాగుతుంది. పైన తేలే నూనె గాలి తగలనివ్వదు. మామిడిలోని పులుపు, ఆవపిండి ఘాటు వీటికి తోడవుతాయి. తడి గరిటె ముంచిన ఆవకాయ బూజు పట్టేది ఈ ఏర్పాటు ఒకచోట తెగినందువల్లే.

ఇంత శ్రమ ఎందుకంటే, ఏడాదిలో వండలేని పూటలు చాలా ఉంటాయి గనుక. జ్వరం వచ్చిన రోజు, ఊరి నుంచి పొద్దుపోయి దిగిన రాత్రి, ముసురు పట్టి బజారుకు వెళ్లలేని రెండు రోజులు. వేడన్నం, ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి, పక్కన నాలుగు వడియాలు ఉంటే ఆ పూట ఎవరికీ వెలితి అనిపించదు. వారం పట్టిక వేసుకునేవాళ్లు ఒక పూటను ఖాళీగా వదిలి, దానికి జాడీలను పూచీ పెట్టుకోవడం మంచిది. అన్ని గళ్లూ నింపిన పట్టికలో ఒక్క రోజు తప్పితే మిగతా రోజులూ వరసగా జరిగిపోతాయి. ఖాళీ గడి ఉంటే ఆ జరుగుడు అక్కడితో ఆగుతుంది.

బియ్యం, పప్పుల లెక్క వెనకటి రోజుల్లో పాత్రలోనే ఉండేది. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. పూటకు తవ్వ బియ్యం ఎసట్లో పోసే ఇంట్లో కుంచం బియ్యం ఎనిమిది పూటలకు వస్తాయి. రెండు పూటలా అన్నం తినేవాళ్లకు అది నాలుగు రోజులు. నెలకు ఏడున్నర కుంచాలు. చుట్టాలొస్తే కావాలి కాబట్టి ఎనిమిది. కాగితం, కలం లేకుండానే ఇల్లాలు నెల సామాను చెప్పగలిగింది ఈ కొలపాత్ర వల్ల. ఎలక్ట్రిక్ కుక్కరుతో వచ్చే గ్లాసు కూడా ఆ పని చేస్తుంది, రోజూ అదే గ్లాసుతో కొలిచి పోస్తే. అన్నం ఎంత మిగులుతోంది, పప్పు ఏ రోజు చాలలేదు అని రెండు వారాలు గమనిస్తే ఆ ఇంటి కొలత దొరుకుతుంది. పక్కింటి కొలత ఇక్కడ పనికిరాదు. పదో తరగతి అబ్బాయి ఉన్న ఇల్లూ, ఇద్దరు పెద్దవాళ్లే ఉన్న ఇల్లూ ఒక్క లెక్కలో ఇమడవు.

నెల సామాను చీటీలో అన్నిటినీ నెలకు సరిపడా రాయడం పొరపాటు. సజ్జపిండి పట్టించిన కొద్ది రోజులకే చేదెక్కుతుంది. ఆ గింజలో నూనె పాలు ఎక్కువ. మరపట్టాక ఆ నూనెకు గాలి తగిలి పాడవుతుంది. జొన్నపిండి కూడా తాజాగా ఉంటేనే రొట్టె అంచులు విరగకుండా సాగుతుంది. తెలంగాణలో రోజూ రొట్టె చేసుకునే ఇళ్లలో జొన్నలు ఎక్కువగా కొన్నా, పిండి మాత్రం కొద్దికొద్దిగా పట్టించేది ఇందుకే. రాయలసీమ సంగటికి వాడే రాగిపిండి అంతకంటే ఎక్కువ రోజులు ఆగుతుంది. పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి లాంటి నూనె సరుకులు ఏవైనా తక్కువగా కొని త్వరగా వాడుకోవలసినవే.

సంచీ బోర్లించిన చోట

పల్లెల్లో వారం లెక్కను సంత నడిపేది. సంత రోజు, ఆ మర్నాడు ఆకుకూరలు, సంతకు ముందు రోజు దుంపకూరో ఎండు చేపల పులుసో. 1999 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతు బజార్లు మొదలయ్యాక, పట్నంలో కూడా రైతు దగ్గరే వారానికి సరిపడా కూరలు కొనుక్కునే వీలు కలిగింది. కొనేచోటు ఏదైనా, సంచీ ఇంటికి చేరాక చేసే అరగంట పని వారం మొత్తానికి ఆయువుపట్టు.

నేల మీద న్యూస్ పేపరు పరిచి సంచీ బోర్లిస్తే కూరగాయలు మూడు కుప్పలుగా విడిపోతాయి. మొదటి కుప్ప రెండు రోజుల్లో వండేయవలసింది. తోటకూర, పాలకూర, బచ్చలి, చుక్కకూర, మెంతికూర, గోంగూర. కట్టు విప్పి, పండిన ఆకులు ఏరేసి, మట్టి ఉన్న వేళ్లు కోసి, కడక్కుండా పొడి నూలు గుడ్డలో వదులుగా చుట్టాలి. కడిగి తడితో పెట్టిన ఆకు మర్నాటికే జిగురు పడుతుంది. కట్టిన తాడు బిగుతుగా ఉన్నచోటే కుళ్లు మొదలవుతుంది కాబట్టి తాడు విప్పడం చిన్న పనిగా కనిపించినా దాటవేయదగింది కాదు. కొత్తిమీర, కరివేపాకులకూ ఇదే పద్ధతి. పచ్చిమిరపకాయలకు తొడిమలు తీసి పెడితే ఎక్కువ రోజులు గట్టిగా ఉంటాయి.

రెండో కుప్ప వారం మధ్యకు. వంకాయ, బెండకాయ, బీరకాయ, దొండకాయ, కాకరకాయ, చిక్కుడు, గోరుచిక్కుడు. ఇందులో వంకాయకూ బెండకాయకూ అతి చల్లదనం పడదు. ఫ్రిజ్‌లో బాగా చల్లగా ఉండే అరలో పెడితే వంకాయ తొక్క మీద గుంటలు పడి లోపల గింజ నల్లబడుతుంది. కింది సొరుగులో పెట్టి మూడు నాలుగు రోజుల్లో వండుకోవాలి. బెండకాయకు తడి అసలు పనికిరాదు. వండే ముందే కడిగి, తుడిచి, ఆరాక కోయాలి.

మూడో కుప్పకు తొందర లేదు. కాబేజీ, క్యారెట్, బీట్‌రూట్, దోసకాయ, కోయని సొరకాయ, గుమ్మడికాయ, కంద, చామదుంప, చిలగడదుంప. ఉల్లిపాయకు గాలి కావాలి, బంగాళాదుంపకు చీకటి కావాలి. అందుకే వాటిని ఒకే బుట్టలో పోయడం రెంటికీ నష్టమే. వెలుతురు తగిలి పచ్చబడిన బంగాళాదుంపలో సొలనిన్ అనే చేదు విషపదార్థం చేరుతుంది. అలాంటి దుంపలను పారేయడం మంచిది.

మూడు కుప్పలూ కళ్లెదుట ఉంటే వారం తనంతట తానే వరస కడుతుంది. ఆదివారం రాత్రో సోమవారమో తోటకూర పప్పు. గోంగూర ఆకుగా ఆగదు, పచ్చడిగా ఆగుతుంది. అందుకని ఆ రాత్రే నూనెలో మగ్గించి, ఎండుమిరపకాయలతో నూరి సీసాకెత్తితే వారమంతా తోడుంటుంది. మంగళవారం వంకాయ, బుధవారం బెండకాయ వేపుడు, గురువారం బీరకాయ. శుక్రవారానికి కాబేజీ కూరో దోసకాయ పప్పో. ఏ వంటల పుస్తకమూ ముందేసుకోకుండా, వాడిపోయే వరస ఒక్కటి చూసుకుంటే వచ్చే పట్టిక ఇది. రుచిని బట్టి పట్టిక వేసి దానికి తగ్గ కూరగాయలు వెతుక్కోవడం కంటే ఇది తేలిక, చవక కూడా.

కూరగాయలు ఎన్ని కొనాలన్న ప్రశ్నకు హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఒక లెక్క ఇచ్చింది. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్‌కు తరలిన ఈ సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో, రోజుకు 2000 కిలోకేలరీల ఆహారం తీసుకునే మనిషి పళ్లెంలో 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు ఉండాలని చెప్పింది. నలుగురి ఇంటికి అది రోజుకు 1.6 కిలోల కూరగాయలు, వారానికి 11 కిలోల పైచిలుకు. మన ఇళ్లకు వచ్చే ఆదివారపు సంచీని ఒకసారి తూకం వేసి చూస్తే చాలామందికి ఆశ్చర్యం కలుగుతుంది. అన్నం గుట్టగా, కూర అంచున పెట్టుకునే అలవాటు ఎంత లోతుగా ఉందో ఆ తూకమే చెబుతుంది. అన్ని కిలోలు ఒక్కసారే కొనడం అందరికీ కుదరదు. ఆదివారం ఒక సంచీ, బుధవారమో గురువారమో ఆకుకూరలకు మరో చిన్న సంచీ అని రెండుగా పంచుకుంటే ఆకుకూర కూడా వారానికి రెండు విడతలు దొరుకుతుంది.

పళ్లెంలో ఐదు చోట్లు

తెలుగు భోజనానికి ఒక చట్రం ఉంది. పప్పు, కూర, పచ్చడి, పులుసు లేదా చారు, చివర పెరుగు. రోజూ ఐదూ వండాలనేమీ లేదు. పచ్చడి సీసాలో ఉంటుంది, పెరుగు తోడుకుని ఉంటుంది, కాబట్టి మిగిలిన మూడింటిలో పొయ్యి మీదికెక్కేవి రెండే. ఆ రెంటినీ జత కలపడంలో పెద్దవాళ్లు పాటించే సూత్రం పులుపుకు సంబంధించింది. ఒక పూటకు ఒక పులుపు చాలు. గోంగూర పప్పు చేసిన రోజు పక్కన వేపుడు ఉండాలి, పులుసు వద్దు. ముద్దపప్పు కమ్మగా ఉంటుంది కాబట్టి దానికి మజ్జిగ పులుసో దప్పళమో కావాలి. వంకాయకు కొత్తిమీర కారం పెట్టిన పూట టమాటా చారు సరిపోతుంది. ఈ సూత్రం పట్టుబడితే వారం పట్టిక సగం నిండినట్టే.

అందుకే పట్టికలో కూరగాయ పేరు కంటే అది చేసే పనిని రాసుకోవడం మేలు. 'మంగళవారం టమాటా పప్పు' అనే బదులు 'మంగళవారం పుల్లటి పప్పు, పక్కన వేపుడు' అని. 2023 జూలైలో చాలా ఊళ్లలో టమాటా ధర కిలోకు 150 రూపాయలు దాటింది, కొన్నిచోట్ల 200 కూడా దాటింది. పేరు రాసుకున్నవాళ్లు అంత ధరా పెట్టి కొన్నారు, లేదా పట్టికను పక్కన పడేశారు. పని రాసుకున్న ఇంట్లో ఆ చోటు ఖాళీగా ఉండిపోదు. చుక్కకూర, చింతకాయ, పచ్చి మామిడి, మామిడి ఒరుగులు, ఏవీ లేకపోతే జాడీలోని చింతపండు, వీటిలో ఏ ఒక్కటైనా అందులోకి వస్తుంది. వేపుడు చోట్లోకి దొండకాయ వచ్చినా, అరటికాయ వచ్చినా, కంద వచ్చినా పళ్లెం రూపు మారదు. బజారులో ఆ రోజు ఏది నవనవలాడుతూ చవగ్గా ఉందో దానికే ఆ చోటు.

వారాల పట్టింపులు కూడా ఈ పనిలో సాయమే. సోమవారమో శనివారమో నీచు ముట్టని ఇళ్లున్నాయి. కార్తీకంలో నెలంతా మానేసేవాళ్లున్నారు. ఆదివారం కోడికూర చాలా ఇళ్లలో రాయని నియమం. ఇలా మూడు నాలుగు గళ్లు ముందే నిండిపోతాయి. ఆదివారం నూరిన అల్లం వెల్లుల్లి ముద్ద కాస్త ఎక్కువ నూరుకుంటే వారం మధ్యలో బఠానీ కూరకో కోడిగుడ్ల పులుసుకో పనికొస్తుంది. చింతపండు పోసి వండిన చేపల పులుసు ముక్కకు పులుపు పట్టి మర్నాడే ఎక్కువ రుచిగా ఉంటుంది కాబట్టి, దాన్ని తీరిక లేని రోజుకు ముందు రాత్రి వండుకోవచ్చు.

సగం వంట

వారాంతంలో ఐదారు కూరలు వండేసి డబ్బాల్లో సర్దిపెట్టే పద్ధతి ఇప్పుడు పట్నాల్లో బాగా వినిపిస్తోంది. తెలుగు వంటకు అది పూర్తిగా నప్పదు. వేపుడు మర్నాటికి మెత్తబడుతుంది. తాళింపు వాసన ఒక పూటే ఉంటుంది. పచ్చికొబ్బరి పడిన కూర అన్నిటికంటే ముందు చెడుతుంది. వీటిని ముందే వండి పెట్టుకుంటే తినేవాళ్లు మూడో రోజుకు బయటి నుంచి తెప్పించుకుంటారు. ముందుగా సగం వండుకుని, తాళింపు మాత్రం తినే పూట పెట్టుకోవడం మన వంటకు తగిన దారి.

పులిహోర పులుసు దీనికి చక్కటి ఉదాహరణ. చిక్కటి చింతపండు గుజ్జులో ఉప్పు, పసుపు, చీల్చిన పచ్చిమిర్చి వేసి, దండిగా నూనె పోసి, ఆ నూనె పైకి తేలేదాకా సన్నటి సెగ మీద ఉడికిస్తారు. చల్లారాక తడి లేని గాజు సీసాకెత్తి ఫ్రిజ్‌లో పెడితే వారాల తరబడి ఉంటుంది. క్యారియర్ కట్టాల్సిన పొద్దున్న వేడన్నంలో రెండు చెంచాలు కలిపి, శనగపప్పు, మినప్పప్పు, పల్లీలు, ఎండుమిర్చి, కరివేపాకుతో తాళింపు పెడితే పది నిమిషాల పని. అదే గుజ్జు ఉప్పు, మిర్చి వేయకుండా ఉడికించి పెట్టుకుంటే చారుకు, పులుసుకు రోజూ చింతపండు నానబెట్టి పిసికే పని తప్పుతుంది. కందిపొడి, కరివేపాకు పొడి, మునగాకు పొడి, నల్లకారం కూడా ఇలాంటి సగం వంటలే. ఉప్మా రవ్వను తేగానే దోరగా వేయించి డబ్బాలో పోస్తే పురుగు పట్టదు, పొద్దున్న ఒక పని తగ్గుతుంది.

టిఫిన్లకు పిండి రుబ్బే రోజే ఇరుసు. ఒక గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ చాలా ఇళ్లలో నడిచే కొలత. మధ్యాహ్నం నానబోసి, సాయంత్రం రుబ్బి, రాత్రంతా బయట ఉంచితే పొద్దుటికి పొంగుతుంది. వేసవిలో ఇంకా త్వరగానే పొంగుతుంది, చలికాలం పన్నెండు గంటలు దాటినా పట్టవచ్చు. ఫ్రిజ్‌లో పెట్టాక పులియడం నెమ్మదిస్తుందే తప్ప ఆగదు. కాబట్టి పిండికీ ఒక వయసు వరస ఉంది. మొదటి రెండు రోజులు ఇడ్లీ, ఆ తర్వాత ఉల్లిపాయ ముక్కలు చల్లిన ఊతప్పం, పులుపెక్కాక కాస్త పిండి కలిపి పునుగులో గుంత పొంగనాలో. ఇడ్లీకి పనికిరాని పులుపు పునుగుకు రుచి. నాలుగో రోజుకు గిన్నె ఖాళీ అయ్యేలా రుబ్బుకోవడమే కొలత. మిగతా రోజులకు పెసరట్టు ఉంది. రాత్రి నానబోసిన పెసలు పొద్దున్నే రుబ్బి పోసుకోవచ్చు, పులియాల్సిన అవసరం లేదు.

కూరగాయలు ముందే కోసి పెట్టుకోవడంలో కొంత జాగ్రత్త కావాలి. కోసిన కొద్దీ విటమిన్ సి తగ్గుతుంది. బీన్స్, క్యారెట్, కాబేజీ, గోరుచిక్కుడు లాంటివి ముందు రోజు రాత్రి కోసుకుంటే ఉద్యోగాలకు వెళ్లేవాళ్లకు పొద్దున్న ఊపిరి సలుపుతుంది, నష్టమూ పెద్దగా ఉండదు. వంకాయ, అరటికాయ, బంగాళాదుంప కోస్తే నల్లబడేవి. వాటిని పొయ్యి వెలిగించే ముందే కోయాలి.

రెండు గంటల గడువు

ముందుగా వండిపెట్టుకునేవాళ్లు తప్పక తెలుసుకోవలసిన విషయం వేడి, చల్లదనాల హద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ఆహార భద్రత సూత్రాల ప్రకారం 5 డిగ్రీల సెల్సియస్‌కు, 60 డిగ్రీలకు మధ్య బాక్టీరియా జోరుగా పెరుగుతుంది. వండిన పదార్థాన్ని మామూలు గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచకూడదు. మే నెల విజయవాడలో, రామగుండంలో ఆ రెండు గంటలు కూడా ఎక్కువే అనుకోవాలి. వెడల్పాటి పళ్లెంలో పరిచి త్వరగా చల్లార్చి, చిన్న చిన్న డబ్బాల్లోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టాలి. లోతైన గిన్నె నిండా ఉన్న పప్పు నడిమధ్య గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. తీసినప్పుడు తినబోయేదాన్నే తీసి పొగలు వచ్చేదాకా కాచుకోవాలి. మొత్తం గిన్నెను మళ్లీ మళ్లీ కాచి, మళ్లీ మళ్లీ చల్లార్చడం అన్నిటికంటే చెడ్డ అలవాటు.

అన్నం విషయంలో ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. వండిన అన్నం గంటల కొద్దీ బయట ఉంటే అవి మొలకెత్తి విషం తయారు చేస్తాయి. ఆ అన్నాన్ని తర్వాత ఎంత వేడి చేసినా ఆ విషం పోదు. రాత్రి మిగిలిన అన్నంతో పొద్దున్న పులిహోర కలపాలనుకుంటే, రాత్రి భోజనాలు కాగానే ఆ అన్నాన్ని ఫ్రిజ్‌లోకి చేర్చాలి. నీళ్లో మజ్జిగో పోసి పులియబెట్టే చద్దన్నం వేరే పద్ధతి. అందులో పులుపు పెరిగి అన్నం స్వభావమే మారుతుంది. దాన్ని కూడా పొద్దెక్కకముందే తినేయాలని పెద్దలు చెప్పేది.

ఈ జాగ్రత్తలు లేక పారబోసేది తక్కువేమీ కాదు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024 నివేదిక భారతదేశంలో ఇళ్ల నుంచి ఏడాదికి మనిషికి సుమారు 55 కిలోల ఆహారం వృథా అవుతుందని అంచనా వేసింది. తొక్కలు, గింజల వంటివి కూడా ఆ లెక్కలో ఉన్నా, నలుగురి ఇంటికి 220 కిలోలన్నది మనసును కలచే అంకె.

ఒక్కరి తలలో ఉండే పట్టిక

వంటకు పట్టే సమయం అందరికీ కనిపిస్తుంది. ఏం వండాలో ఆలోచించడానికి పట్టే సమయం కనిపించదు. కేంద్ర గణాంక విభాగం 2019లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనుల్లో పాలుపంచుకునే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వాటికి వెచ్చించేవారు. ఆఫీసులో కూర్చుని 'ఇంట్లో పెరుగు ఉందా, శనగలు నానబోశానా' అని గుర్తు చేసుకునే క్షణాలు ఏ సర్వే గడిలోనూ వేరుగా పడవు. పట్టిక ఒక మనిషి తలలోనే ఉన్నంతకాలం ఆ మనిషి ఊరెళితే ఇల్లు స్తంభిస్తుంది.

దీనికి విరుగుడు గోడ మీదే ఉంది. వంటింట్లో వేలాడే తెలుగు క్యాలెండర్ తేదీ గళ్లలో పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన రోజు, పనిమనిషి రాని రోజు రాసుకోవడం ఎన్నో ఇళ్లలో ఉన్నదే. ఏకాదశి, పండగలు అందులో అచ్చయ్యే ఉంటాయి. అదే గడిలో 'పుల్లటి పప్పు, వేపుడు' అని, మూలన 'రాత్రి పెసలు' అని రాస్తే ముందుగా ఇంటికి వచ్చినవాళ్లు ఎవరైనా పెసలు నానబోయగలరు, తోడు పెట్టగలరు, కుక్కరు ఎక్కించగలరు. సంక్షేమ వసతిగృహాల్లోనూ, ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనానికీ వారాల వారీగా పట్టిక వేసి గోడ మీద పెట్టడం ఇందుకే. వండేవాళ్లు మారినా పిల్లల పళ్లెం మారకూడదు. పిల్లలున్న ఇంట్లో వారానికి ఒక గడిని వాళ్లకే వదిలేస్తే, తాము ఎంచుకున్నది కాబట్టి కాకరకాయనైనా పేచీ పెట్టకుండా తింటారని ఆశ పెట్టుకోవచ్చు.

ఇంట్లో షుగరో బీపీయో ఉన్న పెద్దవాళ్లుంటే వాళ్లకు వేరే వంట అనుకోవడం వండేవాళ్ల నడుము విరుస్తుంది. చాలాసార్లు గిన్నె ఒకటే ఉండి పళ్లెం మారితే చాలు. వాళ్లకు కూర రెట్టింపు, అన్నం సగం. రోజుకు ఉప్పు 5 గ్రాములకు మించకూడదన్నది పాటించాలంటే కూరలో ఉప్పు అందరికీ తగ్గించి, ఆవకాయ తినగలవాళ్లు విడిగా వేసుకోవాలి. మందుల విషయం వైద్యులు చెప్పినట్టే జరగాలి. వాటి వేళకు భోజనం సిద్ధంగా ఉండేట్టు చూడటం వరకే పట్టిక పని.

అమెరికాలోనూ గల్ఫ్‌లోనూ ఉండే తెలుగువాళ్లకు, హైదరాబాద్‌లో గది తీసుకుని ఉండే కుర్రకారుకు ఈ లెక్క కొంచెం మారుతుంది. ఇండియన్ స్టోర్ దూరమైతే రెండు వారాలకోసారి వెళ్తారు. తురిమిన కొబ్బరి, ఒలిచిన చిక్కుడు గింజలు, ఉడికించిన గోంగూర గుజ్జు చిన్న పొట్లాలుగా డీప్ ఫ్రీజర్‌కు చేరతాయి. ముందు రాత్రి ఒక పొట్లాన్ని కింది అరలోకి దించితే పొద్దుటికి కరిగి ఉంటుంది. బయట గట్టు మీద కరిగించడం మంచిది కాదు. ఒక్కరే ఉండేవాళ్లకు కిలోల్లో కొనడమే అసలు చిక్కు. ఇద్దరు ముగ్గురు స్నేహితులు ఒక సంచీ కొని పంచుకుంటే మూడు రకాల కూరలు తినే వీలుంటుంది.

ఎంత జాగ్రత్తగా నడిపినా శుక్రవారం రాత్రికి ఫ్రిజ్ సొరుగులో కొన్ని మిగులుతాయి. సగం సొరకాయ, రెండు మునక్కాడలు, ఒక వంకాయ, గుమ్మడి చెక్క, చిలగడదుంప, నాలుగు బెండకాయలు. ఏ ఒక్కటీ విడిగా కూరకు చాలదు. శనివారం వీటన్నిటినీ పెద్ద ముక్కలుగా తరిగి, చింతపండు పులుసులో వేసి, బెల్లం ముక్క, కాస్త బియ్యప్పిండో శనగపిండో కలిపి చిక్కబరిచి, ఇంగువ తాళింపు పెడితే దప్పళం. ఎన్ని రకాల ముక్కలు పడితే అంత రుచి దానికి. పక్కన ముద్దపప్పు, నెయ్యి. సొరుగు ఖాళీ అయ్యాక ఒకసారి తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, ఆదివారం పొద్దున్నకు సంచీలు గుమ్మం దగ్గర పెట్టుకోవచ్చు.